ఆన్‌లైన్ దుకాణానికి కస్టమర్ లాగిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత వెబ్‌సైట్‌లో చీరలో, పచ్చళ్లో, పూతరేకులో, పుస్తకాలో అమ్ముకునేవాళ్లు లాగిన్ గురించి తరచూ అడిగే ప్రశ్నలివి. డెవలపర్‌కి అప్పజెప్పేశాం కదా అని చాలామంది యజమానులు ఈ భాగాన్ని అసలు తెరిచి చూడరు. కానీ కొనేవాళ్లు విసుగొచ్చి వెళ్లిపోయేదీ, వాళ్ల ఇంటి చిరునామా పరాయివాళ్ల చేతికి చిక్కేదీ ఎక్కువగా ఇక్కడే. మీకు కోడ్ రాయడం రాకపోయినా ఫర్వాలేదు. డెవలపర్‌ని ఏమడగాలో తెలిస్తే చాలు.

అసలు లాగిన్ లేకుండా అమ్మొచ్చా?

అమ్మొచ్చు. మొదటిసారి వచ్చినవాళ్లకి అలాగే అమ్మాలని నా గట్టి అభిప్రాయం. కిలో ఆవకాయ కొనడానికి వచ్చిన మనిషిని ముందు ఖాతా తెరవమంటే సగం మందికి అక్కడే ఓపిక పోతుంది.

దీనికి బాగా ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో డబ్బు కట్టే ముందు లాగిన్ పేజీ వచ్చేది. అందులో 'రిజిస్టర్' అనే బటన్ ఉండేది. సైట్లు వాడటానికి తేలిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించే నిపుణుడు జారెడ్ స్పూల్ బృందం కొనేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని గమనిస్తే, కొత్తవాళ్లకి ఆ బటన్ చూడగానే చిరాకు, పాతవాళ్లకేమో ఏ ఈమెయిల్‌తో ఖాతా తెరిచామో గుర్తులేదు. దాదాపు 45 శాతం మందికి ఒకే దుకాణంలో ఒకటికి మించి ఖాతాలున్నాయి. ఆ బటన్ తీసేసి 'కంటిన్యూ' అని పెట్టి, కొనడానికి ఖాతా అక్కర్లేదని పక్కన ఒక వాక్యం రాశారు. మొదటి ఏడాదిలోనే అమ్మకాలు 30 కోట్ల డాలర్లు పెరిగాయని ఆయన 2009లో రాశారు. ఆ మొత్తం మన దుకాణాలకి వర్తించదు. కొనేవాళ్ల చిరాకు మాత్రం మన దగ్గరా అంతే.

ఆన్‌లైన్ దుకాణం కట్టుకోవడానికి వూకామర్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్ అండ్ ప్రైవసీ' కింద ఖాతా లేకుండా ఆర్డర్ ఇవ్వనిచ్చే టిక్ ఉంటుంది. అలాంటిదే అయిన షాపిఫైలో కూడా చెకౌట్ సెట్టింగుల్లో లాగిన్ తప్పనిసరా కాదా అన్నది మీరే ఎంచుకోవచ్చు. ఈ రోజే ఒకసారి తెరిచి చూడండి.

మరి ఖాతా ఎవరికి కావాలి?

మళ్లీ మళ్లీ కొనేవాళ్లకి, నెలనెలా బియ్యమో నెయ్యో తెప్పించుకునేవాళ్లకి, హోల్‌సేల్ ధర ఇచ్చే షాపులవాళ్లకి. మిగతావాళ్లకి ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో తెలిస్తే చాలు, దానికి ఒక లింకు పంపితే సరిపోతుంది.

ఖాతా తెరవమని అడగడానికి మంచి సమయం ఆర్డర్ అయిపోయాక. పేరు, నంబరు, చిరునామా అన్నీ అప్పటికే ఇచ్చేసి ఉంటారు. 'ఈ వివరాలు దాచిపెట్టమంటారా, వచ్చేసారి మళ్లీ కొట్టక్కర్లేదు' అని థాంక్యూ పేజీలో అడిగితే ఒప్పుకునేవాళ్లు ఒప్పుకుంటారు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. అదే నంబరుతో ఇదివరకు వచ్చిన పాత ఆర్డర్లను కొత్త ఖాతాకి కలిపే ముందు ఆ నంబరు నిజంగా ఆ మనిషి చేతిలోనే ఉందని ఓటీపీతో తేల్చుకోవాలి. లేకపోతే పక్కింటావిడ నంబరు కొట్టి ఆవిడ ఏమేం కొన్నదో ఎవరైనా చూసేయగలరు.

లాగిన్‌కి ఫోన్ నంబరు వాడాలా, ఈమెయిలా?

మన కొనుగోలుదార్లు ఇక్కడివాళ్లే అయితే ఫోన్ నంబరు. కొరియర్‌కి అది ఎలాగూ కావాలి. తెనాలిలో ఉండే పెద్దావిడకి ఈమెయిల్ ఉందంటే, ఫోన్ కొన్నరోజు కొడుకు పెట్టిచ్చిందే అయ్యుంటుంది, దాని పాస్‌వర్డ్ ఆవిడకి తెలియదు.

అయితే ఫోన్ నంబరు అద్దె ఇల్లు లాంటిది. రీచార్జ్ చేయకుండా వదిలేస్తే కొన్నాళ్లకి టెలికాం కంపెనీ దాన్ని ఆపేసి ఇంకొకరికి ఇస్తుంది. ఆపేసిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదని నిబంధన ఉంది. ఆ తర్వాత ఇవ్వొచ్చు. అలా మీ పాత కస్టమర్ నంబరు కొత్తవాళ్లకి వెళ్లిందనుకోండి. ఆ కొత్త మనిషి ఏ దురుద్దేశమూ లేకుండా మీ దుకాణానికొచ్చి తన నంబరు కొడతారు, ఓటీపీ వస్తుంది, లోపలికి వెళ్తారు. చూస్తే అక్కడ ఎవరిదో పేరు, ఇంటి చిరునామా, రెండేళ్ల ఆర్డర్లు. ఓటీపీ సరిగ్గానే పనిచేసింది, లాగిన్‌లో ఏ లోపమూ లేదు, అయినా ఒకరి ఇంటి వివరాలు ఇంకొకరికి చేరిపోయాయి.

దీన్ని తప్పించడానికి డెవలపర్‌ని మూడు సంగతులు అడగండి. మొదటిది, డేటాబేస్‌లో కస్టమర్‌కి నంబరుతో సంబంధం లేని సొంత ఐడీ ఉండాలి. నంబరు, ఈమెయిల్, గూగుల్ లాగిన్ అన్నీ దానికి తగిలించినవిగా ఉంటే వాటిలో ఏది మారినా మనిషి మారరు. రెండోది, ఏడాదిగా అలికిడి లేని ఖాతాలోకి కొత్త ఫోన్ నుంచి ఎవరైనా వస్తే పాత చిరునామాలు వెంటనే చూపించకూడదు. ఈమెయిల్‌కి ఇంకో కోడ్ పంపడమో, పాత పిన్‌కోడ్ అడగడమో చేయాలి. మూడోది, 'ఇది నా ఖాతా కాదు, కొత్తగా మొదలుపెడతాను' అనే దారి కనిపించాలి. నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో అతి ముఖ్యమైన విషయం ఇదే, ఎందుకంటే మన దగ్గర దాదాపు అందరూ నంబరునే మనిషిగా భావించి దుకాణాలు కట్టేస్తున్నారు.

ఒకే మనిషికి రెండు మూడు ఖాతాలు పడుతున్నాయి. ఎందుకు?

నంబరును ఒక్కొక్కరు ఒక్కోలా కొడతారు. ఒకరు ముందు సున్నా పెడతారు, ఒకరు 91 పెడతారు, ఒకరు ప్లస్ గుర్తు కూడా పెడతారు, మధ్యలో ఖాళీ వదిలేవాళ్లూ ఉన్నారు. కొట్టింది కొట్టినట్టు దాచుకుంటే కంప్యూటర్‌కి అవన్నీ వేర్వేరు నంబర్లు. దాచే ముందే ఈ.164 అనే అంతర్జాతీయ పద్ధతికి, అంటే ప్లస్ గుర్తు, దేశం కోడ్, ఆపైన నంబరు, మధ్యలో ఖాళీలు లేకుండా మార్చేయాలి. ఈమెయిల్‌ని చిన్న అక్షరాల్లోకి మార్చి, చివర పొరపాటున పడ్డ ఖాళీని తీసేయాలి.

కొడుకు డాలస్‌లో ఉండి ఆర్డర్ పెడతాడు, సరుకు విజయవాడలో అమ్మకి వెళ్లాలి. ఎవరి నంబరు తీసుకోవాలి?

ఇద్దరిదీ, వేర్వేరు చోట్ల. డబ్బు కట్టేవాళ్ల నంబరు ఖాతాకి, అందుకునేవాళ్ల నంబరు ఆ చిరునామాకి. కొన్ని దుకాణాల్లో రెండిటికీ ఒకే గడి ఉంటుంది. అమ్మ నంబరు పెడితే ఖాతా ఆవిడ పేరు మీదికి పోతుంది, కొడుకు నంబరు పెడితే డెలివరీ బాయ్ అర్ధరాత్రి అమెరికాకి ఫోన్ చేస్తాడు. దసరా, సంక్రాంతి ముందు వచ్చే గిఫ్ట్ ఆర్డర్లకి ఇదే గొడవ. అమ్మకి వెళ్లే మెసేజ్‌లో ధర చూపించాలా వద్దా అన్నది కూడా అప్పుడే ఆలోచించుకోండి. పట్టుచీర ఖరీదు ఆవిడకి తెలియకూడదని కొడుకు అనుకుంటాడు.

విదేశాల్లో ఉన్నవాళ్లకి లాగిన్ కోడ్ ఈమెయిల్‌కి పంపడమే మంచిది. అక్కడి నంబర్లకి ఎస్‌ఎంఎస్ పంపాలంటే ఆయా దేశాల నిబంధనలు వేరు, ఖర్చూ ఎక్కువ. ఇక్కడి నంబరునే రోమింగ్‌లో ఉంచుకున్నవాళ్లకి మెసేజ్ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

ఓటీపీ ఎస్‌ఎంఎస్ పంపాలంటే ఏమేం చేయాలి?

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వ్యాపార సంస్థలు పంపే మెసేజ్‌లన్నీ డీఎల్‌టీ అనే వ్యవస్థ గుండా వెళ్లాలి. ఎయిర్‌టెల్, జియో, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ లాంటి కంపెనీల డీఎల్‌టీ పోర్టళ్లలో ఒకదానిలో మీ వ్యాపారాన్ని నమోదు చేసుకోవాలి. తర్వాత మెసేజ్ పైన కనిపించే పేరును, అంటే హెడర్‌ను, ఆ తర్వాత మీరు పంపబోయే మెసేజ్ పాఠాన్ని ఆమోదింపజేసుకోవాలి. పాఠంలో మారే భాగం, అంటే ఓటీపీ అంకెలు, ఎక్కడ వస్తాయో ముందే గుర్తుపెట్టాలి. పంపే మెసేజ్ ఆమోదించిన పాఠంతో అచ్చుగుద్దినట్టు కలవాలి. ఒక ఫుల్‌స్టాప్ తేడా వచ్చినా దారిలోనే ఆగిపోవచ్చు. 2021 మార్చి 8న ఈ తనిఖీని ఒక్కసారిగా గట్టిగా అమలు చేసినప్పుడు దేశమంతటా బ్యాంకుల ఓటీపీలు సహా లెక్కలేనన్ని మెసేజ్‌లు ఆగిపోయి, ట్రాయ్ దాన్ని వారం పాటు వాయిదా వేయాల్సి వచ్చింది. 2024 అక్టోబరు నుంచి మెసేజ్‌లో లింకు పెడితే ఆ లింకును కూడా ముందే నమోదు చేయాలి.

తెలుగులో పంపొచ్చా అని చాలామంది అడుగుతారు. పంపొచ్చు, పంపాలి కూడా. కానీ లెక్క తెలుసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల మెసేజ్ 160 అక్షరాల దాకా ఒక్కటిగా వెళ్తుంది, తెలుగు మెసేజ్ 70 దాటితే రెండవుతుంది. గుణింతం గుర్తు, వత్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'చెప్పకండి' మన కంటికి నాలుగు అక్షరాలే, ఎస్‌ఎంఎస్ లెక్కలో తొమ్మిది. 'మీ లాగిన్ కోడ్ 482913. ఇది 5 నిమిషాలే పనిచేస్తుంది. ఎవరికీ చెప్పకండి.' అన్న మెసేజ్ సరిగ్గా 69కి వస్తుంది. దానికి మీ దుకాణం పేరు చేర్చగానే రెండు మెసేజ్‌ల ఖర్చు. అయినా సరే, 'ఎవరికీ చెప్పకండి' అన్న మాట మాత్రం తీసేయకండి. చదివేవాళ్ల భాషలో ఉండాల్సిన మాట అదే.

'ఓటీపీ రావట్లేదు' అని కస్టమర్లు ఫోన్ చేస్తున్నారు. ఏం చెప్పాలి?

ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ మధ్య సిమ్ మార్చారా? అదే నంబరుకి కొత్త సిమ్ తీసుకున్నాక, మోసాలు ఆపడానికి, 24 గంటలపాటు ఎస్‌ఎంఎస్‌లు ఆపేస్తారు. అదే కారణమైతే ఎవరమూ ఏమీ చేయలేం, ఈమెయిల్‌కి పంపాల్సిందే. నంబరు సరిగ్గా కొట్టారా? 'రీసెండ్' ఎన్నిసార్లు నొక్కారు?

మూడోదే అసలు గొడవ చాలాసార్లు. టెన్షన్‌లో నాలుగుసార్లు నొక్కుతారు, నాలుగు మెసేజ్‌లు వెనకాముందూ అయి వస్తాయి, మొదట వచ్చినదాన్ని కొడతారు, తప్పు అంటుంది. గడువు లోపల ఎన్నిసార్లు నొక్కినా అదే కోడ్ మళ్లీ పంపేలా పెట్టిస్తే ఈ బాధ పోతుంది. అర నిమిషం తర్వాత 'వాట్సాప్‌కి పంపమంటారా, ఈమెయిల్‌కా' అని అడిగే ఏర్పాటు కూడా ఉండాలి. ఇక కోడ్ కొట్టే గడికి వన్-టైమ్-కోడ్ అనే గుర్తు పెట్టమని డెవలపర్‌తో చెప్పండి. అది ఉంటే కీబోర్డు పైనే కోడ్ కనిపిస్తుంది, పెద్దవాళ్లు అటూ ఇటూ యాప్‌లు మారే పని ఉండదు.

మా సిబ్బంది ఫోన్‌లో ఓటీపీ అడిగి, వాళ్ల తరఫున ఆర్డర్ పెట్టేస్తారు. ఫర్వాలేదా?

వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ. సాయం చేద్దామన్న ఉద్దేశం మంచిదే. కానీ 'దుకాణం వాళ్లు ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పొచ్చు' అని ఒక్కసారి అలవాటు పడ్డ మనిషి రేపు మోసగాడికి కూడా చెప్తారు. ఫోన్‌లో ఆర్డర్ తీసుకోవాలంటే సిబ్బంది తమ లాగిన్‌లోంచే ఆర్డర్ రాసి, డబ్బు కట్టే లింకు పంపాలి.

ఓటీపీ పెట్టాం కదా, ఇక భద్రమేనా?

పెట్టిన తీరును బట్టి. ఆరంకెల కోడ్ అంటే 10 లక్షల అవకాశాలు. ఐదుసార్లు తప్పు కొడితే ఆ కోడ్ రద్దయ్యేలా ఉంటే ఊహించి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. ఆ హద్దు లేకపోతే ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి ఒక్కో నంబరూ కొట్టుకుంటూ పోతారు. చవగ్గా కట్టిన సైట్లలో ఇంకో ఘోరం కనిపిస్తుంది: ఓటీపీ పంపమని అడగ్గానే సర్వర్ ఇచ్చే జవాబులోనే ఆ కోడ్ కూడా ఉంటుంది. స్క్రీన్ మీద కనిపించదు, బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే కనిపిస్తుంది. మీ సైట్‌లో ఇది మీరే స్వయంగా చూసుకోవచ్చు. కనిపిస్తే ఆ రోజే మార్పించండి.

ఖర్చు సంగతి కూడా ఉంది. మీ ఓటీపీ పేజీని ఎవరైనా వేలసార్లు కొట్టించి మెసేజ్‌ల బిల్లు పెంచగలరు, లేదా ఒకరి ఫోన్‌ని మెసేజ్‌లతో ముంచెత్తగలరు. ఒక నంబరుకి గంటకి ఇన్ని అనీ, ఒక ఇంటర్నెట్ చిరునామా నుంచి ఇన్ని అనీ పరిమితి పెట్టాలి. మీరు సరుకు పంపని దేశాల నంబర్లకి ఎస్‌ఎంఎస్ పూర్తిగా ఆపేయాలి.

పాస్‌వర్డ్ పద్ధతి ఇంకా ఉంచాలా?

కొత్తగా పెట్టే దుకాణానికి అక్కర్లేదు. షాపిఫై కొత్త కస్టమర్ ఖాతాల్లో పాస్‌వర్డే లేదు, ఈమెయిల్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది. ఇప్పటికే ఉంటే దాన్ని సరిగ్గా దాచుతున్నారో లేదో చూసుకోండి. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. అన్నీ కొట్టినవి కొట్టినట్టే దాచి ఉన్నాయి. వాటిలో అందరికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఆ జాబితాను మోసగాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు.

మీ సైట్ పరీక్షించడానికి తేలిక దారి ఉంది. 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' నొక్కండి. మీ పాత పాస్‌వర్డే మెయిల్‌లో వచ్చిందంటే అది ఎక్కడో యథాతథంగా దాచి ఉందని అర్థం. బీక్రిప్ట్ లేదా ఆర్గాన్2 పద్ధతిలో దాచిన పాస్‌వర్డ్‌ను దుకాణం యజమాని కూడా తిరిగి చదవలేరు, అలాగే ఉండాలి. మూడు నెలలకోసారి మార్చమని కస్టమర్లను వేధించకండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 లోనే ఆ పద్ధతి వద్దని చెప్పింది. దానివల్ల జనం చివర ఒక అంకె మార్చి ఊరుకుంటారు. పొడుగ్గా ఉండనివ్వండి, ఇదివరకే బయటపడ్డ పాస్‌వర్డ్‌లను మాత్రం ఒప్పుకోకండి.

గూగుల్‌తో లాగిన్ పెడితే?

పెట్టండి, ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న ప్రతివారికీ దాదాపు గూగుల్ ఖాతా ఉంటుంది. గూగుల్ పంపే వివరాల్లో 'సబ్' అనే మారని గుర్తింపు ఉంటుంది, కస్టమర్‌ని గుర్తుపెట్టుకోవాల్సింది దానితో. ఈమెయిల్ మారొచ్చు. ఐఫోన్ వాళ్లు యాపిల్ లాగిన్ వాడితే అసలు ఈమెయిల్ దాచి, ఆ దుకాణానికని పుట్టించిన వేరే ఈమెయిల్ ఇవ్వగలరు. దానికి మెయిల్ పంపితే వాళ్లకి చేరుతుంది, కాబట్టి అది దొంగ ఈమెయిల్ అనుకుని తీసేయకండి. ఇక గూగుల్ లాగిన్ పెట్టినా ఫోన్ నంబరు విడిగా అడగాల్సిందే, కొరియర్‌కి కావాలి కాబట్టి.

పాస్‌కీ అంటున్నారు, అదేంటి?

ఫోన్ తాళం తీసే వేలిముద్ర, ముఖం లేదా పిన్‌తోనే సైట్‌లోకి వెళ్లే పద్ధతి. వేలిముద్ర మీ దుకాణానికి రాదు, ఫోన్ దాటి బయటకు పోదు. దొంగ సైట్‌లో ఆ పాస్‌కీ పనిచేయదు కాబట్టి ఓటీపీలా మాయమాటలు చెప్పి లాగేసుకోవడం కుదరదు. యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ 2022లో కలిసి దీన్ని ముందుకు తెచ్చాయి, అమెజాన్ 2023లో మొదలుపెట్టింది. నెలనెలా కొనేవాళ్లు ఎక్కువగా ఉంటే ఓటీపీతో పాటు అదనంగా పెట్టండి. ఏడాదికి ఒక చీర కొనే కస్టమర్లే ఎక్కువైతే తొందరేమీ లేదు.

'లాస్ట్ నేమ్' తప్పనిసరి అని పెడితే కస్టమర్లు చుక్కలు పెడుతున్నారు. ఏం చేయాలి?

ఆ గడి తీసేయండి. మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది, చాలామందికి అది ఒక్క అక్షరమే, కొందరు అసలు రాయరు. 'పూర్తి పేరు' అని ఒకే గడి పెట్టి, తెలుగులో కొట్టినా తీసుకునేలా చూడండి. పార్సిల్ మీద ఏం రాయాలో వాళ్లే చెప్తారు.

ఆధార్ అడగొచ్చా? పుట్టినరోజు?

ఆధార్ వద్దు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రైవేటు సంస్థలు ఒప్పందాల పేరుతో ఆధార్ వాడుకునే నిబంధనను కొట్టేసింది. పైగా పచ్చడి అమ్మడానికి దానితో పనేముంది? పుట్టినరోజు డిస్కౌంట్ ఇవ్వాలనుకుంటే తేదీ, నెల చాలు, సంవత్సరం అక్కర్లేదు. కార్డు నంబరు దాచుకోవడం 2022 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కుదరదు. కార్డు నంబరుకి బదులుగా పేమెంట్ గేట్‌వే ఇచ్చే టోకెన్ అనే గుర్తు మాత్రమే మీ దగ్గర ఉండాలి.

లాగిన్ ఉంది కాబట్టి ఒకరి ఆర్డర్ ఇంకొకరు చూడలేరు కదా?

చూడగలరేమో ఇప్పుడే పరీక్షించండి. మీ ఖాతాలో లాగిన్ అయి ఏదైనా ఆర్డర్ తెరవండి. బ్రౌజర్ పైన చిరునామా చివర 1047 అని ఉందనుకోండి. దాన్ని 1046 చేసి ఎంటర్ కొట్టండి. ఇంకొకరి పేరు, ఇల్లు, ఫోన్ కనిపించాయంటే, సైట్ 'లాగిన్ అయ్యారా' అని మాత్రమే అడుగుతోంది, 'ఈ ఆర్డర్ మీదేనా' అని అడగడం లేదు. వెబ్ భద్రతలో పేరున్న ఓవాస్ప్ సంస్థ 2021 జాబితాలో ఈ రకం లోపానికే మొదటి స్థానం ఇచ్చింది. ఇన్‌వాయిస్ పీడీఎఫ్ లింకులకి కూడా ఇదే పరీక్ష చేయండి. పేజీకి తాళం వేసి పీడీఎఫ్‌ని వదిలేసే సైట్లు చాలా ఉంటాయి. వాట్సాప్‌లో పంపే ట్రాకింగ్ లింకుల చివర వరస నంబరు కాకుండా ఊహించలేని పొడుగాటి అక్షరాల గుర్తు ఉండాలి.

ఒకసారి లాగిన్ అయితే ఎన్నాళ్లు అలాగే ఉంచొచ్చు?

సరుకు చూడటానికి, బుట్టలో వేసుకోవడానికి నెలలపాటు ఉంచినా ఫర్వాలేదు. నంబరు మార్చడం, కొత్త చిరునామా చేర్చడం, దాచిన కార్డు వాడటం లాంటి పనుల ముందు మాత్రం మళ్లీ కోడ్ అడగాలి.

'నా పాత నంబరు పోయింది, కొత్తది పెట్టండి' అని ఫోన్ చేస్తే మార్చేయొచ్చా?

గొంతు విని మార్చకండి. ఖాతాలు కాజేసేవాళ్లకి ఇది తేలిక దారి. ఈమెయిల్ ఉంటే దానికి కోడ్ పంపండి. లేకపోతే చివరి ఆర్డర్‌లో ఏం కొన్నారు, ఏ యూపీఐతో కట్టారు, ఏ ఊరికి వెళ్లింది అని అడగండి. జవాబులు మీరు అందించకూడదు. 'మీది గుంటూరే కదండీ' అని మనవాళ్లే చెప్పేస్తుంటారు. మార్చాక పాత నంబరుకీ ఈమెయిల్‌కీ సమాచారం పంపి, ఒకటి రెండు రోజులు వాలెట్ డబ్బు, పాయింట్లు వాడనివ్వకండి. ఏదీ తేల్చుకోలేకపోతే కొత్త ఖాతా తెరిపించడమే మేలు, పాత ఆర్డర్లు కనిపించకపోతే వాళ్లకి పోయేదేమీ లేదు.

క్యాష్ ఆన్ డెలివరీలో దొంగ ఆర్డర్లు?

ఆ ఆర్డర్లకి మాత్రం ఓటీపీ తప్పనిసరి చేయండి. ముందే డబ్బు కట్టినవాళ్లను అడగక్కర్లేదు.

కొత్త డేటా చట్టం చిన్న దుకాణాలకీ వర్తిస్తుందా?

వర్తిస్తుంది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటించారు. దుకాణాల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి నిబంధనలు వచ్చిన నాటినుంచి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. అప్పటిదాకా ఆగొద్దని నా సలహా.

లాగిన్ పేజీకి సంబంధించినంతవరకు తెలుసుకోవాల్సింది కొంతే. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి అనుమతి తీసుకోవాలి. ఆ నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కస్టమర్‌కి ఉండాలి. తెలుగు ఆ షెడ్యూల్‌లో ఉంది. కాబట్టి తెలుగు నోటీసు కూడా సిద్ధం చేసుకోండి, అదీ మామూలు మాటల్లో. లాగిన్ కోసం తీసుకున్న నంబరుకి ఆఫర్ల మెసేజ్‌లు పంపడానికి విడిగా అడగాలి, ఆ టిక్ ముందే పెట్టి ఉంచకూడదు. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత తేలిగ్గా ఉండాలి. 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. వివరాలను కాపాడటంలో విఫలమైతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

'నా ఖాతా తీసేయండి' అంటే మొత్తం తీసేయాలా?

లాగిన్, దాచిన చిరునామాలు, పుట్టినరోజు, కోరికల జాబితా, ఆఫర్ల జాబితాలో పేరు, ఇవన్నీ తీసేయండి. ఇన్‌వాయిస్‌లు మాత్రం జీఎస్టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ఆ సంగతి కస్టమర్‌కి దాపరికం లేకుండా చెప్పండి. మీకు యాప్ కూడా ఉంటే, ఖాతా తీసేసే బటన్ యాప్‌లోనే ఉండాలని యాపిల్, గూగుల్ రెండూ అడుగుతున్నాయి.

కస్టమర్ల వివరాలు బయటికి పొక్కాయని తెలిస్తే మొదట ఏం చేయాలి?

గమనించిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలి. 2022 ఏప్రిల్ 28న వచ్చిన ఆదేశాల్లో ఇది ఉంది, సర్వర్‌లో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే లాగ్‌లను 180 రోజులు దాచాలన్నది కూడా అందులోనిదే. కొత్త చట్టం అమల్లోకి వచ్చాక డేటా ప్రొటెక్షన్ బోర్డుకి వెంటనే చెప్పి, 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలి. నష్టపోయిన ప్రతి కస్టమర్‌కీ తెలియజేయాలి.

చట్టం పక్కన పెట్టినా, కస్టమర్‌కి మీరే ముందు చెప్పాలి. వాళ్ల పేరు, నంబరు, చివరి ఆర్డర్ తెలిసినవాడు ఫోన్ చేసి 'మీ చీర కొరియర్‌లో ఆగింది, పది రూపాయలు కట్టండి' అంటే ఎవరైనా నమ్ముతారు. ఏమేం వివరాలు పోయాయో, ఎలాంటి ఫోన్లు రావొచ్చో, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలనీ తెలుగులో రాసి పంపండి. లాగిన్‌లన్నీ ఒకేసారి రద్దు చేసి అందర్నీ మళ్లీ లాగిన్ అవ్వమనండి.

అడ్మిన్ లాగిన్ ఒకటే ఉంది, అందరం అదే వాడతాం. తప్పా?

కస్టమర్ల తలుపుకి ఎన్ని తాళాలు వేసినా ఇది తెరిచి ఉంటే లాభం లేదు, ఎందుకంటే అందరి చిరునామాలూ ఒకేచోట ఉండేది అడ్మిన్ పేజీలోనే. ఒక్కొక్కరికీ సొంత లాగిన్ ఇవ్వండి, రెండో అంచె కోడ్ తప్పనిసరి చేయండి. ప్యాకింగ్ చేసేవాళ్లకి ఆ రోజు ఆర్డర్లు కనిపిస్తే చాలు, కస్టమర్ల జాబితా మొత్తం డౌన్‌లోడ్ చేసే బటన్ అక్కర్లేదు. మానేసినవాళ్ల లాగిన్ ఆ రోజే తీసేయండి. సైట్ కట్టిచ్చిన డెవలపర్‌ది కూడా.

లాగిన్‌ని సొంతంగా రాయించుకోవాలా?

వద్దు. షాపిఫై, వూకామర్స్ లాంటివాటిలో ఉన్నది వాడుకోండి. సొంత సైటే కావాలంటే రెడీమేడ్ లాగిన్ ఏర్పాట్లు ఇచ్చే ఫైర్‌బేస్, ఆథ్0, అమెజాన్ కాగ్నిటో, సొంత సర్వర్ మీద పెట్టుకునే కీక్లోక్ ఉన్నాయి. ఎంచుకునే ముందు, ఇక్కడి నంబర్లకి వెళ్లే ఓటీపీ మీ హెడర్‌తో పంపగలదా, వెళ్లిపోవాలనుకున్నప్పుడు కస్టమర్ల వివరాలు బయటికి ఇస్తుందా అని అడగండి.

వేరే ప్లాట్‌ఫామ్‌కి మారుతున్నాం. పాత కస్టమర్లు మళ్లీ ఖాతా తెరవాలా?

ఓటీపీ లాగిన్ అయితే అక్కర్లేదు. నంబర్లను ఒకే పద్ధతిలోకి మార్చి, రెండేసి ఉన్నవాటిని కలిపి, కొత్తచోటికి ఎక్కిస్తే సరిపోతుంది. కలిపేటప్పుడు నంబరు ఒకటే అయినా పేర్లు, ఊళ్లు పూర్తిగా వేరుగా ఉంటే ఆగి చూడండి, చేతులు మారిన నంబరు కావచ్చు. పాస్‌వర్డ్ లాగిన్ అయితే పాతవి ఎక్కువసార్లు కొత్తచోట పనిచేయవు, అందరికీ ఒకసారి కొత్త కోడ్ పంపాల్సి ఉంటుంది. ఆ మెయిల్ దొంగ మెయిల్‌లా అనిపించకుండా, మారబోతున్నామని వారం ముందే పాత సైట్ మీదా, ఇన్‌వాయిస్ మీదా, పార్సిల్‌లో పెట్టే చీటీ మీదా రాయండి. పండగ ముందు మాత్రం మారకండి, ఉగాది అయ్యాక తీరిగ్గా చేసుకోండి.